రెండు రూపాయల నలభై నాలుగు పైసల పిచ్చి

మన కాలేజీ గ్రూపులు, ఊరి గ్రూపులు, కులం గ్రూపులు అన్నింట్లోనూ ఏడాదికి రెండుసార్లైనా ఒకే లెక్క చక్కర్లు కొడుతూ ఉంటుంది. "రెండున్నరకి దొరికే కరెంటుని నాలుగు ఎనభైకి కొన్నారు, మిగతాది ఎవడి జేబులోకి పోయింది?" అని ఒక పార్టీ అభిమానులు. "మీరు రెండు నలభై తొమ్మిదికి కొన్నామని చంకలు గుద్దుకుంటున్నారు, గుజరాత్ వాళ్ళకి రూపాయి తొంభై తొమ్మిదికే వచ్చిందిగా?" అని ఇంకో పార్టీ అభిమానులు. ఇద్దరూ ఇంజినీర్లే. ఇద్దరూ పొద్దున్న లేస్తే స్కేలబిలిటీ, లేటెన్సీ, కాస్ట్ ఆప్టిమైజేషన్ అంటూ క్లయింటుకి పాఠాలు చెప్పేవాళ్ళే. కరెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క అంకె పట్టుకుని కొట్టుకుంటారు.

అయ్యా బాబూ, ఆ అంకె సంవత్సరం చెప్పకుండా, టైము చెప్పకుండా, వడ్డీ చెప్పకుండా దేనికీ పనికిరాదు. ఈ టపా అంతా దాని గురించే. కొంచెం ఫిజిక్సు, కొంచెం వడ్డీ లెక్క ఉంటాయి, ఓపిక పట్టండి.

ముందు ఫిజిక్సు. సోలార్ ప్యానెల్ నీలంగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? సిలికాన్ అసలు రంగు బూడిద. ఏమీ పూయని నున్నటి సిలికాన్ ముక్క మీద వెలుతురు పడితే మూడో వంతు దాకా అద్దంలా వెనక్కి పోతుంది. ఉపరితలాన్ని యాసిడ్‌తోనో క్షారంతోనో గరుకు చేస్తే అది పదో వంతుకి తగ్గుతుంది. ఇంకా తగ్గాలంటే దాని మీద సిలికాన్ నైట్రైడ్ అనే డైఎలక్ట్రిక్ పొర ఒకటి పూస్తారు. దాని మందం దాదాపు 75 నానోమీటర్లు. ఆ అంకె ఎవరూ ఊరికే పెట్టలేదు. 600 నానోమీటర్ల కాంతి, పొర వక్రీభవన గుణకం 2, కాబట్టి 600ని నాలుగు రెళ్ళు ఎనిమిదితో భాగిస్తే 75. ఇంటర్లో చదువుకున్న వ్యతికరణమే. పొర పైనుంచీ కిందనుంచీ వెనక్కి వచ్చే కాంతి తరంగాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నీలం వైపు మాత్రం పూర్తిగా కొట్టేసుకోవు, అందుకే మనకి నీలంగా కనిపిస్తుంది. బెంజిసర్కిల్ దగ్గర వాన వెలిశాక రోడ్డు మీద నీళ్ళలో పెట్రోలు చుక్క రంగులు చూపిస్తుందే, అదీ ఇదీ ఒకటే చుట్టాలు.

ఆ పొరని బ్రష్షుతో పూయరు లెండి. గాలి తీసేసిన గొట్టంలో సెల్స్ పేర్చి, నాలుగొందల డిగ్రీల పైన వేడి చేసి, సైలేన్, అమ్మోనియా వాయువులు వదిలి, విద్యుత్ క్షేత్రంతో ప్లాస్మా పుట్టిస్తారు. వాయువులు విడిపోయి సెల్ మీద పొరగా కూర్చుంటాయి. ఆ క్రమంలో కొంత హైడ్రోజన్ పొరలో ఇరుక్కుంటుంది. తరవాత సెల్‌ని కొలిమిలో వేసినప్పుడు ఆ హైడ్రోజన్ సిలికాన్‌లోకి దూరి అక్కడ తెగిపోయిన బంధాల్ని మూసేస్తుంది. ఎలక్ట్రాన్లు పడిపోయే గోతులు పూడ్చినట్టు అన్నమాట. అంటే ఒకే పొర రెండు ఉద్యోగాలు చేస్తుంది, ఒకటి కాంతిని లోపలికి రానివ్వడం, రెండోది పుట్టిన కరెంటుని చావనివ్వకపోవడం.

ఇక్కడితో ఆగలేదు. సెల్ వెనకవైపు కూడా ఇలాగే మూసేస్తే ఎలా ఉంటుందని ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ వాళ్ళు 1989లోనే చేసి చూపించారు. దాన్నే పెర్క్ అంటారు. అది ఫ్యాక్టరీలో మామూలు సరుకు అవడానికి పాతికేళ్ళ పైన పట్టింది. ఎందుకంటే వెనకవైపు అల్యూమినియం ఆక్సైడ్ పొర కావాలి, ఐదూ పది నానోమీటర్ల మందంలో. దాన్ని గంటకి వేల సెల్స్ మీద, పైసల ఖర్చుతో, ఒకే మందంతో వేసే మిషన్లు రావాలి. మొదట అవి జర్మనీ, స్విస్, డచ్ కంపెనీల దగ్గర ఉండేవి. తరవాత చైనా వాళ్ళు వాటిని నేర్చుకుని చవగ్గా, ఇంకా పెద్దగా చేసేశారు. ఇప్పుడు పెర్క్ కూడా పాతబడింది. 2013లో జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ చూపించిన టాప్‌కాన్ అనే పద్ధతి వచ్చింది. అందులో ఒకటిన్నర నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉంటుంది. లెక్కపెడితే పది పరమాణువుల మందం కూడా ఉండదు! 2024 నాటికి ప్రపంచంలో తయారయ్యే సెల్స్‌లో ఎక్కువ భాగం అవే.

ఫలితం ఏమిటంటే, పదేళ్ళ కిందట సెల్ సామర్థ్యం 19 శాతం దగ్గర ఉంటే పెర్క్‌తో 23 దాకా వెళ్ళింది, టాప్‌కాన్‌తో 25 చుట్టూ తిరుగుతోంది. అదంతా పొరల పుణ్యమే అనను. మోనో వేఫర్లు వచ్చాయి, వెండి గీతలు సన్నబడ్డాయి, 2008లో కిలో నాలుగొందల డాలర్లు దాటిన పాలీసిలికాన్ పన్నెండేళ్ళలో పది డాలర్ల కిందకి పడింది. కానీ సామర్థ్యంలో పెద్ద వాటా పొరలదే. నాలుగు పాయింట్లంటే చిన్న సంగతి కాదు. ఒక చదరపు మీటరు 190 వాట్లు ఇచ్చే చోట 230 ఇస్తుంది. గాజు అదే, అల్యూమినియం ఫ్రేము అదే, ఇనప స్టాండు, నేల, బిగించే కూలీ, లారీ కిరాయి అన్నీ అవే.

ఇప్పుడు చరిత్ర చూద్దాం. 2015 నవంబరులో కర్నూలు దగ్గర ఎన్టీపీసీ వేలంలో సోలార్ యూనిట్ 4.63కి పలికింది. అప్పట్లో అది దేశంలోకెల్లా తక్కువ ధర. (గెలిచిన సన్ఎడిసన్ ఐదారు నెలలకే అమెరికాలో దివాళా పిటిషన్ వేసింది, అది వేరే కథ.) 2017 ఏప్రిల్‌లో కడపలో 3.15. మరో నెలకే రాజస్థాన్ భడ్లాలో 2.44. అదే ఏడాది డిసెంబరులో గుజరాత్‌లో గాలి కరెంటు 2.43. 2020 డిసెంబరులో గుజరాత్‌లోనే సోలార్ 1.99. ఈ వరసని చూస్తే సాఫ్టువేరు వాడికి ఏం గుర్తుకు రావాలి? హార్డుడిస్కు ధరలు గుర్తుకు రావాలి. 2005లో నలభై జీబీ డిస్కు కొన్నవాణ్ణి పట్టుకుని "ఇవాళ ఆ డబ్బుకి టెరాబైట్లు వస్తాయి, నువ్వు దొంగవి" అంటారా ఎవరైనా?

అన్నారు మనవాళ్ళు. 2019 జూలై 1న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జీవో 63 ఇచ్చి, పాత సోలార్, విండ్ ఒప్పందాల ధరలు తగ్గించడానికి సంప్రదింపుల కమిటీ వేసింది. డిస్కములు కంపెనీలకి ఉత్తరాలు రాశాయి, గాలికి 2.43, సోలార్‌కి 2.44 తీసుకోండి అని. ఆ అంకెలు ఎక్కడో విన్నట్టుందా? పై పేరాలోనే ఉన్నాయి, రాజస్థాన్‌లో ఒకటి, గుజరాత్‌లో ఒకటి. వేరే రాష్ట్రంలో, వేరే సంవత్సరంలో, వేరే ఎండలో, వేరే గాలిలో పలికిన రికార్డు ధరలు. క్లౌడ్ బిల్లు చూసేవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, మూడేళ్ళ కిందట సంతకం పెట్టిన రిజర్వుడ్ మెషిన్లకి ఇవాళ్టి రాత్రి స్పాట్ ధరే ఇస్తాం, ఇష్టం లేకపోతే పొండి అన్నట్టు.

కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. కేంద్ర విద్యుత్ మంత్రి వద్దని ఉత్తరాలు రాశాడు. జపాన్ రాయబారి కూడా రాశాడు. 2019 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి జీవోని కొట్టేసి, రెగ్యులేటరీ కమిషన్ తేల్చేదాకా మాత్రం 2.43, 2.44 చొప్పునే ఇవ్వమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచి, ఒప్పందంలో ఉన్న ధరకే బకాయిలన్నీ చెల్లించమంది. అంటే మూడేళ్ళు గొడవపడి బయల్దేరిన చోటికే వచ్చి చేరాం.

"ఆ ఒప్పందాల్లో అవినీతి ఉంది కాబట్టి" అంటారు కొందరు. ఉండొచ్చు. ఉంటే ఏ ఒప్పందంలో, ఎవరు, ఎంత అని పట్టుకుని నిరూపించండి, నేను కూడా చప్పట్లు కొడతాను. కానీ 2016 ధరకీ 2019 ధరకీ తేడా ఉండటం అవినీతికి రుజువు కాదు. ఆ తేడా ఎక్కువగా ఎక్కడో చైనా ఫ్యాక్టరీల్లో పొరల మందం సరిచేసిన వాళ్ళ చలవ. ఇదే న్యాయం రెండో వైపుకీ వర్తిస్తుంది. 2021 డిసెంబరులో సెకీతో కుదిరిన 7000 మెగావాట్ల ఒప్పందం మీద అమెరికా ప్రాసిక్యూటర్లు 2024 నవంబరులో ముడుపుల అభియోగాలు పెట్టారు. ఆ గ్రూపు కాదంది. అవి అభియోగాలు, వాటి సంగతి సాక్ష్యాలతో తేలాలి. 2.49కీ 1.99కీ మధ్య ఉన్న అర్ధ రూపాయి చూపించి తీర్పు చెప్పేయడం కుదరదు.

ఇహ నన్ను నిజంగా మండించే విషయానికి వస్తాను, వడ్డీ.

బొగ్గు స్టేషన్లో యూనిట్ ధరలో పెద్ద భాగం ఇంధనం. సోలార్‌లో ఇంధనం సున్నా. మొత్తం ఖర్చు మొదటి రోజే పెట్టేస్తారు, ఆ తరవాత పాతికేళ్ళూ కట్టేది వాయిదాలే. అంటే సోలార్ యూనిట్ అనేది ఒకరకంగా హోంలోను. లెక్క వేయండి. ఒక మెగావాటు ప్లాంటు నాలుగు కోట్లు అనుకుందాం. 22 శాతం వినియోగంతో ఏడాదికి 19.27 లక్షల యూనిట్లు వస్తాయి. పాతికేళ్ళ వాయిదాలు, 9 శాతం వడ్డీ అయితే ఏటా 40.7 లక్షలు, యూనిట్‌కి 2.11. (నిర్వహణ ఖర్చులు పక్కన పెట్టాను.) వడ్డీ 11 శాతం చేయండి. ఏటా 47.5 లక్షలు, యూనిట్‌కి 2.46. ముప్ఫై అయిదు పైసలు పెరిగింది!

ఇప్పుడు రెండో లెక్క. వడ్డీ 9 దగ్గరే ఉంచి, 23 శాతం సెల్స్ బదులు 19 శాతం సెల్స్ పెట్టండి. ప్లాంటు ఖర్చులో సగం విస్తీర్ణాన్ని బట్టి మారుతుంది అనుకుంటే, నాలుగు కోట్లు నాలుగు కోట్ల నలభై రెండు లక్షలు అవుతుంది. యూనిట్‌కి 2.33. తేడా ఇరవై రెండు పైసలు.

చూశారా? పెర్క్ కోసం మూడు ఖండాల్లో ఎంతమంది పీహెచ్‌డీలు ఎన్నేళ్ళు పడ్డ కష్టం, నా లెక్కలో యూనిట్‌కి ఇరవై రెండు పైసలు. బ్యాంకువాడు "ఆంధ్రాలో ఒప్పందాలకి గ్యారంటీ లేదు" అని రెండు శాతం ఎక్కువ అడిగితే ముప్ఫై అయిదు పైసలు హుష్. 2019లో క్రిసిల్ లాంటి రేటింగు సంస్థలు మన రాష్ట్రం ప్రాజెక్టుల గురించి హెచ్చరికలు చేసింది ఇందుకే. థర్మల్ రోజుల్లో ప్రభుత్వం మాట తప్పితే అది పరువుకి సంబంధించిన విషయం. సోలార్ రోజుల్లో అది ధరకి సంబంధించిన విషయం. ధర తగ్గించడానికి ఒప్పందం విరగ్గొట్టడమంటే పొయ్యిలో కట్టెలు మిగుల్చుకోవడానికి తలుపులు విరిచి కాల్చడమే.

అలాగని డిస్కముల వాదనలో పస లేదనను. సగం పస ఉంది. ఇబ్రహీంపట్నం వెళ్ళి చూడండి. నార్ల తాతారావు స్టేషన్ (మనకి ఎప్పటికీ వీటీపీఎస్సే) 1979లో మొదలై, ఆరు 210 మెగావాట్ల యూనిట్లు, ఒక 500, చివరికి 2023లో ఒక 800 కలుపుకుని 2560 మెగావాట్లకి చేరింది. సోలార్ వచ్చినప్పుడు తీసుకుని తీరాలి అనేది నిబంధన. అది వచ్చిన గంటల్లో థర్మల్ యూనిట్లని తగ్గించాలి. కానీ తగ్గించినా వాటి ఫిక్సుడు చార్జీలు కట్టాలి. సాయంత్రం ఆరు దాటాక అవే కావాలి కాబట్టి మూసేయడానికీ లేదు. కాబట్టి 2.49 అన్నది మధ్యాహ్నం పన్నెండింటి ధర. రాత్రి ఎనిమిదింటికి మన విజయవాడలో ఏసీలన్నీ ఆన్ అయినప్పుడు దాని ధర ఎంతంటే, దొరకదు!

డెల్టాలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. కైకలూరు, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులున్నాయి కదా. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తీసుకుంటుంది. తెల్లవారుజామున మూడూ నాలుగు గంటలకి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఏరేటర్లు తిరగాల్సింది అప్పుడు. ఒక గంట కరెంటు పోతే పంట మొత్తం తేలిపోతుంది. ఆ రైతుకి రాజస్థాన్ మధ్యాహ్నపు రెండు నలభై తొమ్మిదితో ఏం పని? ఆక్వా రైతుకి ప్రభుత్వం రూపాయిన్నరకి ఇచ్చే యూనిట్‌కి వెనకాల అసలు ఖర్చు ఎంతో తెలియాలంటే ఏ గంటకి ఎంతకి కొన్నారో తెలియాలి. ఆ పట్టిక మాత్రం ఏ వాట్సాపు యోధుడూ అడగడు.

కానీ ఈ వాదన పాత ఒప్పందం విరగ్గొట్టడానికి పనికిరాదు. నిలవ చేయడానికి పనికొస్తుంది. నిలవ మనకి కొత్తేం కాదు. ఇదే కృష్ణ మీద నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున, నీళ్ళు కిందకి వదిలి కరెంటు తీసి, మళ్ళీ అవే నీళ్ళని పైకి తోడే రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పుడో పెట్టారు. 2014లో అవి తెలంగాణకి వెళ్ళాయి. ఇవతల పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉంది. గొడవ పెట్టుకోవాల్సింది ఇలాంటివి ఎన్ని, ఎప్పటికి, ఎంతకి అని.

ఇంకో మాట. "సోలార్ వల్లే బిల్లులు పెరిగాయి" అనేవాళ్ళు తమ బిల్లు ఒకసారి తీసి చూడాలి. 2024 డిసెంబరు నుంచి బాదింది ఇంధన సర్దుబాటు. 2022-23లో బొగ్గు కోసం, బయట కొన్న కరెంటు కోసం పెట్టిన అదనపు ఖర్చు. 2022 ఏప్రిల్ మీకు గుర్తుందో లేదో. ఎక్స్ఛేంజీలో ధర ఆకాశానికి వెళ్తే పన్నెండు రూపాయల దగ్గర పరిమితి పెట్టాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు. ఇంధనంతో నడిచేదేదైనా ఇంతే. కొండపల్లిలో ల్యాంకో వాళ్ళ గ్యాస్ ప్లాంటు 2000లో మొదలైంది. తరవాత కేజీ బేసిన్ గ్యాస్ వస్తుందని నమ్మి పెంచారు. గ్యాస్ పడిపోయింది. మూడో దశ కింద కట్టిన దాదాపు 740 మెగావాట్లు గ్యాస్ లేక పడుకున్నాయి. 2017లో మాతృసంస్థ దివాళా ప్రక్రియలోకి వెళ్ళింది. 2016లో 4.80 చిల్లరకి కుదిరిన గాలిమర ఖరీదే. కానీ అది 2022లోనూ 4.80 చిల్లరే. బొగ్గు గురించి అలా చెప్పగలరా?

మరి పొరలు మనం వేసుకోలేమా? వేస్తున్నారు. హైదరాబాదులో ప్రీమియర్ ఎనర్జీస్ 2021 నుంచి సెల్స్ చేస్తోంది, అదీ తెలుగు నేల మీదే. కానీ ప్లాస్మా మిషన్లు, పొరలు వేసే అసలు పనిముట్లు దేశంలో ఎక్కువగా బయటనుంచే వస్తున్నాయి. మన ప్రభుత్వాలకి ఫ్యాక్టరీ అంటే భూమి. 2025లో కరేడు రైతులు సోలార్ ఫ్యాక్టరీకి భూములివ్వమని రోడ్డెక్కారు. ఎన్ని ఎకరాలు అన్నదాని మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా, అక్కడ ఏ పొర ఎవరి మిషన్ మీద వేస్తారు, ఆ మిషన్ పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నదాని మీద నాకు కనిపించలేదు. ఎకరాల వల్ల యూనిట్ ధర తగ్గదండీ.

పామర్రులో మా బాబాయి ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టిస్తానని ఫోను చేశాడు. 2024లో వచ్చిన కేంద్రం స్కీములో మూడు కిలోవాట్లకి 78,000 రాయితీ ఉంది. "ఏరా అబ్బాయ్, ఒకడు పదిహేను వేలు తక్కువ చెప్తున్నాడు. అన్నీ నీలంగానే ఉన్నాయి కదా, ఏదైతే ఏంటి?" అన్నాడు.

ఏదైతే ఏంటంటే, బాబాయ్, పై గాజులో సోడియం ఉంటుంది. తేమ, వేడి, ఫ్రేముకీ సెల్‌కీ మధ్య వోల్టేజి, మూడూ కలిస్తే ఆ సోడియం మెల్లిగా సెల్‌లోకి పాకుతుంది, కరెంటు లీకైపోతుంది. దాన్ని పీఐడీ అంటారు. అడ్డుకునే మార్గాల్లో ఒకటి ఆ 75 నానోమీటర్ల నైట్రైడ్ పొరే. దాంట్లో సిలికాన్ పాళ్ళు కొంచెం మారిస్తే సోడియంని ఆపుతుంది, మార్చకపోతే ఆపదు. రంగు చూసి చెప్పలేం. ఐఐటీ బొంబాయి వాళ్ళు 2013 నుంచి దేశమంతా తిరిగి ప్యానెళ్ళు కొలిచినప్పుడు, వేడి ప్రాంతాల్లో ఎక్కువగా దెబ్బతింటున్నాయనీ, పెద్ద ప్లాంట్లకన్నా ఇళ్ళ మీది చిన్నవే అధ్వాన్నంగా ఉన్నాయనీ తేలింది. మన డెల్టాలో వేడీ ఉంది, తేమా ఉంది.

కాబట్టి అమ్మానాన్నలకి ప్యానెళ్ళు పెట్టిస్తున్న వాళ్ళందరికీ ఒక మనవి. యూనిట్‌కెంత, వాట్‌కెంత అని అడిగిన తరవాత, పీఐడీకి ఐఈసీ 62804 పరీక్ష రిపోర్టు ఉందా అని అడగండి. మచిలీపట్నం, నాగాయలంక వైపు ఇల్లయితే ఉప్పు గాలికి ఐఈసీ 61701 రిపోర్టు కూడా అడగండి. రాయితీ కావాలంటే దేశంలో చేసిన సెల్స్ ఉన్న ప్యానెలే ఉండాలి, ఆ కాగితం చేతికి తీసుకోండి. ఎర్తింగు ఎవరో వచ్చి తీగ చుట్టి పోతే ఊరుకోవద్దు. మా బాబాయికి తక్కువ చెప్పినవాడు మొదటి రిపోర్టు పేరు ఎత్తగానే "సార్, అవన్నీ పెద్ద పెద్ద ప్లాంట్లకి" అన్నాట్ట. ఇంకొకతను రెండు రోజుల్లో పీడీఎఫ్ పంపించాడు. బాబాయి పదిహేను వేలు ఎక్కువ పెట్టి అతనికే అడ్వాన్సు ఇచ్చాడు.